పాత ఉద్యోగంలో రహస్య సమాచారం విషయంలో రెండు పొరపాట్లు: మళ్లీ క్లియరెన్స్‌కు దరఖాస్తు చేస్తే వాటిని ఎలా పరిగణిస్తారు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అమెరికాలో రక్షణ శాఖ కాంట్రాక్టు పనులు చేసే సంస్థలలో ఉద్యోగం చేసినవారు, ముఖ్యంగా సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) వ్యవహారాలను దగ్గరగా చూసినవారు, కొంచెం తీరిక చేసుకుని ఈ ప్రశ్నకు సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఇంట్లో వాళ్లతో కూడా పూర్తిగా చెప్పుకోలేని విషయం కావడం వల్ల కొన్ని వారాలుగా నాలో నేనే మథనపడుతున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరును. అమెరికా పౌరసత్వం తీసుకుని పదకొండేళ్లయింది. 2016 నుంచి 2020 వరకు ఒక కాంట్రాక్టు సంస్థలో సీక్రెట్ స్థాయి క్లియరెన్స్‌తో పనిచేశాను. ఆ కాలంలో నా వల్ల రెండు తప్పులు జరిగాయి.

మొదటిది 2019 మార్చిలో జరిగింది. బాగా పొద్దుపోయేదాకా పనిచేసి, మర్నాటి సమావేశం కోసం సాధారణ నెట్‌వర్క్‌కు కలిపి ఉన్న లాప్‌టాప్‌లో ఒక పేజీ నోట్సు రాసుకున్నాను. పొద్దున్నే దాన్ని మళ్లీ చదువుతున్నప్పుడు, అందులో ఒక చోట రాసింది ఆ లాప్‌టాప్‌లో ఉండకూడని స్థాయి సమాచారమేమోనన్న అనుమానం కలిగింది. వెంటనే భద్రతాధికారి దగ్గరకు వెళ్లి చెప్పాను. ఆయన లాప్‌టాప్‌ను స్వాధీనం చేసుకున్నారు. నేను దాన్ని ఎవరికీ పంపలేదని, బయటికి పోలేదని విచారణలో తేలింది. లిఖితపూర్వకమైన హెచ్చరిక ఇచ్చి, శిక్షణ మళ్లీ చేయించారు.

రెండోది అదే సంవత్సరం నవంబరులో జరిగింది. ఆ రోజు గదిలోంచి చివరగా బయటికి వచ్చినవాణ్ని నేనే. పత్రాలు ఉంచే సేఫ్‌కు తాళం పడేలా డయల్ తిప్పకుండా, మూసినట్లు పట్టీలో సంతకం చేయకుండా వెళ్లిపోయాను. రాత్రి గస్తీ తిరిగే గార్డు అది గమనించాడు. పొద్దున భద్రతాధికారి ఫోన్ చేసి అడిగినప్పుడు నేను కంగారులో ‘మూసే వెళ్లానండీ’ అన్నాను. రెండు గంటల తర్వాత ఆయన గదికి వెళ్లి, మూశానని నిజంగా చెప్పలేనని ఒప్పుకున్నాను. దానికీ హెచ్చరిక ఇచ్చారు. 2020లో వేరే కారణాలతో ఆ ఉద్యోగం మానేశాను.

ఇప్పుడు టాప్ సీక్రెట్ క్లియరెన్స్ అవసరమైన ఉద్యోగం ఒకటి వచ్చింది. ఎస్‌ఎఫ్‌-86 అనే క్లియరెన్స్ దరఖాస్తు ఫారం నింపవలసి ఉంది. ఇవన్నీ పాతబడిపోయాయని, సంస్థ లోపలే ముగిసిన విషయాలను మనంతట మనం తవ్వుకోకూడదని ఇద్దరు స్నేహితులు గట్టిగా చెబుతున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. ఈ రెండు తప్పుల తర్వాత అసలు నాకు అవకాశం ఉందా? ఉంటే, వీటిని ఎలా చెప్పాలి?

మొదటి సమాధానం: రిటైరైన భద్రతాధికారి

నేను పంతొమ్మిదేళ్లు ఒక కాంట్రాక్టు సంస్థలో భద్రతాధికారిగా, అంటే అక్కడివారు ఎఫ్‌ఎస్‌ఓ అని పిలిచే ఉద్యోగంలో, పనిచేసి రిటైరయ్యాను. మీలాంటి వారు నా గదిలోకి వచ్చి తలవంచుకుని నిలబడిన సందర్భాలు చాలా చూశాను కాబట్టి, నాకు తెలిసినంత మేరకు వివరంగానే చెబుతాను.

క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అన్నది పదమూడు మార్గదర్శక సూత్రాల ప్రకారం నిర్ణయిస్తారు. వాటిని ‘ఎ’ నుంచి ‘ఎం’ వరకు అక్షరాలతో పిలుస్తారు. ఇప్పుడు అమలులో ఉన్న రూపం 2017 జూన్ 8 నుంచి వర్తిస్తున్నది. మీ వ్యవహారం ప్రధానంగా ‘కె’ కిందికి వస్తుంది. రక్షించవలసిన సమాచారాన్ని ఎలా చూసుకున్నారన్నదే దాని విషయం. అయితే రెండో సంఘటనలో మీరు మొదట చెప్పిన మాట వల్ల, వ్యక్తిగత ప్రవర్తనకు సంబంధించిన ‘ఇ’ కూడా తలుపు తట్టే అవకాశం ఉంది. నిజం చెప్పాలంటే ఆ సేఫ్ కంటే ఆ ఫోన్ మాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఉద్దేశపూర్వకంగా చేయలేదు కాబట్టి ఇబ్బంది లేదని చాలామంది అనుకుంటారు. ‘కె’ సూత్రం మొదటి వాక్యంలోనే బుద్ధిపూర్వకమైన ఉల్లంఘనను, నిర్లక్ష్యాన్ని పక్కపక్కనే పెట్టారు. రెండూ మనిషి నమ్మకస్థుడేనా, వివేకం ఉన్నవాడేనా అన్న సందేహాన్ని కలిగిస్తాయన్నదే దాని సారాంశం. అనుమతి లేని పరికరం మీద రహస్య సమాచారాన్ని రాయడం, ఉంచడం, పంపడం అందులో స్పష్టంగా పేర్కొన్న అంశం. మీ మొదటి సంఘటన దాని కిందికే వస్తుంది. రక్షణ నియమాలను పాటించకపోవడం ఏదైనా సరే మరొక అంశం. సేఫ్ సంగతి అందులో పడుతుంది. మూడో అంశం మీకు అన్నిటికంటే ప్రమాదకరమైనది: పై అధికారులు మందలించిన తర్వాత కూడా కొనసాగిన అజాగ్రత్త. శిక్షణ పొందిన ఎనిమిది నెలలకే రెండో పొరపాటు జరిగింది కదా, ఫైలు చదివేవారి వేలు ముందుగా ఆ రెండు తేదీల మధ్య దూరం మీదే ఆగుతుంది.

కాంట్రాక్టు ఉద్యోగుల కేసులు విచారించే రక్షణ శాఖ విభాగాన్ని డోహా అంటారు. దాని అప్పీలు బోర్డు ఈ విషయంలో ఏళ్ల తరబడి ఒకే మాట మీద ఉన్నది. క్లియరెన్స్ నిరాకరించడానికి ఉన్న బలమైన కారణాలలో భద్రతా ఉల్లంఘన ఒకటని, అది జరిగినట్లు రుజువైన తర్వాత తనను మళ్లీ నమ్మవచ్చని నిరూపించుకునే భారం దరఖాస్తుదారు మీద చాలా ఎక్కువగా ఉంటుందని, మారానని చెప్పే మాటలను నిశితంగా పరీక్షించాలని ఆ బోర్డు చెబుతూ వస్తున్నది. అప్పులు, పన్నుల బకాయిల వంటి కేసులలో తీర్చే ఏర్పాటు కాగితం మీద చూపించవచ్చు. ఇక్కడ అలాంటి రసీదు ఏదీ ఉండదు.

ఇక మీకు అనుకూలమైన వైపు చూద్దాం. చాలాకాలం గడిచి, అరుదుగా జరిగి, మళ్లీ జరగదని అనిపించడం ఒకటి. మందలింపునూ శిక్షణనూ మంచి మనసుతో స్వీకరించి, ఇప్పుడు భద్రతా బాధ్యతల పట్ల సరైన వైఖరి చూపడం మరొకటి. సరైన శిక్షణ లేకపోవడం వల్ల, ఆదేశాలు అస్పష్టంగా ఉండడం వల్ల తప్పు జరగడం మూడోది. నాలుగోది మీ మొదటి సంఘటనకు దాదాపు అచ్చుగుద్దినట్లు సరిపోతుంది: అనుకోకుండా జరగడం, వెంటనే తెలియజేయడం, సమాచారం బయటికి పోయిన ఆధారం లేకపోవడం, అది అలవాటుగా కనిపించకపోవడం. ఈ నాలుగో అంశంలోని మొదటి మూడు షరతులూ మీకు పూర్తిగా ఉన్నాయి. నాలుగో షరతును మాత్రం నవంబరు నాటి సేఫ్ దెబ్బతీస్తున్నది. అందువల్ల ఈ రెంటినీ విడివిడిగా చూడవద్దు. చదివేవారు విడదీసి చదవరు.

ఒక విషయం తెలియాలి. ఆ రెండు గంటల తర్వాత మీరు ఒప్పుకున్నది, గార్డు రాసిన నివేదికను గానీ సంతకం లేని పట్టీని గానీ మీకు చూపించిన తర్వాతనా, అంతకు ముందేనా? ఈ తేడా చిన్నది కాదు. జవాబు చెబితే మిగిలింది రాస్తాను.

రెండో సమాధానం

పై పెద్దలు చెప్పిన నియమాల మీద నాకు అభ్యంతరం లేదు. కానీ ప్రశ్న అడిగినవారి స్నేహితులది పూర్తిగా తప్పు సలహా అని నేను అనుకోవడం లేదు. ఎస్‌ఎఫ్‌-86లో ఉద్యోగ వివరాల దగ్గర, గడిచిన ఏడేళ్లలో భద్రతా నియమాల ఉల్లంఘన వంటి వాటికి లిఖిత హెచ్చరిక గానీ, అధికారిక మందలింపు గానీ, సస్పెన్షన్ గానీ, మరే క్రమశిక్షణ చర్య గానీ ఎదుర్కొన్నారా అని అడుగుతారు. మొదటి సంఘటనకు ఏడేళ్లు నిండడానికి ఎంతో కాలం లేదు. రెండో హెచ్చరిక కాగితం మీద ఇచ్చారో నోటిమాటగా ఇచ్చారో వారు రాయలేదు. అడిగిన ప్రశ్నకు అడిగినంత వరకే జవాబు చెప్పడం అబద్ధం కాదు. ఉద్యోగంలో చేరే తేదీని కొన్ని నెలలు వాయిదా వేసుకోగలిగితే అది కూడా అన్యాయం కాదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. పెద్ద పదవులలో ఉన్నవారు ఇంతకంటే ఎంతో ఘోరమైన పనులు చేసి తేలికగా బయటపడిన సంగతి మనకు తెలుసు. అలాంటప్పుడు ఒక మామూలు ఇంజినీరు తన మీద తానే ఫిర్యాదు రాసుకోవడం ఎంత అవసరమో ఆలోచించండి. నేను ఈ మాట కష్టం కలిగించాలని అనడం లేదు. క్లియరెన్స్ రాక ఉద్యోగాలు పోగొట్టుకున్న కుటుంబాలను దగ్గరగా చూసి అంటున్నాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అడిగిన దానికి జవాబు ఇదీ. ఫోన్ పెట్టేసిన తర్వాత నాకు కుదురు లేదు. ముందు రోజు సాయంత్రం జరిగినదంతా వరుసగా గుర్తు తెచ్చుకుంటే, డయల్ తిప్పినట్లు గానీ సంతకం చేసినట్లు గానీ ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. ఎవరూ పిలవకముందే నేనే వెళ్లి, ‘పొద్దున చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను, మూశానని నాకు నమ్మకం లేదు’ అని చెప్పాను. అప్పటికి పట్టీని నాకు చూపించలేదు. అయితే గార్డు నివేదిక ఆయన బల్ల మీద ఉండే ఉంటుంది. సేఫ్ తెరిచి ఉందన్న సంగతి ఆయన ఫోన్లోనే చెప్పారు కూడా. కాబట్టి నాకు ఏమీ తెలియదని అనలేను.

రెండో హెచ్చరిక కాగితం మీదే ఇచ్చారు. దాని మీద నా సంతకం కూడా ఉంది, కానీ ప్రతి నా దగ్గర లేదు.

మూడో సమాధానం: విచారణ దాకా వెళ్లిన ఒక ఇంజినీరు

నా అనుభవం చెబితే ఉపయోగపడుతుందేమోనని రాస్తున్నాను. మూసి ఉంచే ల్యాబులోకి మొబైల్ ఫోన్ తీసుకుపోకూడదన్న నియమం నేను పద్నాలుగు నెలలలో మూడుసార్లు తప్పాను. మూడుసార్లూ జేబులో మరిచిపోవడమే తప్ప వేరే ఉద్దేశం లేదు. ఒకసారి కూడా దాన్ని వాడలేదు. మూడోసారి తర్వాత విషయం పైకి వెళ్లింది. కొన్ని నెలలకు ‘స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్’ అనే, క్లియరెన్స్ ఎందుకు ఇవ్వకూడదనుకుంటున్నారో కారణాలు తెలిపే కాగితం వచ్చింది. అందులో ‘కె’ కింద మూడు ఆరోపణలు వరుసగా అంకెలు వేసి రాశారు. అది అందిన ఇరవై రోజులలోగా ఒక్కొక్క ఆరోపణను ఒప్పుకుంటున్నానో కాదంటున్నానో ప్రమాణపూర్వకంగా రాసి పంపాలి, విచారణ కావాలో వద్దో కూడా చెప్పాలి. నేను విచారణ కోరుకున్నాను.

విచారణ న్యాయస్థానంలాగే జరుగుతుంది. న్యాయాధికారి ఒకరు, ప్రభుత్వం తరఫున న్యాయవాది ఒకరు, సాక్షులు, ప్రతి మాటనూ రాసుకునే మనిషి ఉంటారు. న్యాయవాదిని పెట్టుకోకుండా నేనే మాట్లాడాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, నన్ను ముంచింది ఆ ఫోన్లు కావని అర్థమవుతున్నది. ‘ల్యాబులో అందరూ అప్పుడప్పుడు మరిచిపోతారు, కొందరిని పట్టించుకోరు, నన్ను మాత్రం రాశారు’ అని నేను మూడు నాలుగుసార్లు అన్నాను. అది నిజమే కావచ్చు. కానీ తీర్పులో నా మాటలను ఎత్తి రాసి, దరఖాస్తుదారు తన తప్పు తీవ్రతను ఇంకా గ్రహించలేదని తేల్చారు. మూడో పొరపాటు జరిగి అప్పటికి రెండేళ్లు దాటింది. ఆ రెండేళ్లూ నాకు ఏ మాత్రం పనికిరాలేదు. కాలం గడిస్తే సరిపోతుందని, మన మాటతీరు ఎలా ఉన్నా ఫరవాలేదని అనుకోకండి.

క్లియరెన్స్ నిరాకరించారు. ప్రతికూల నిర్ణయం వచ్చిన నాటి నుంచి ఏడాది దాకా మళ్లీ దరఖాస్తు చేయడానికి వీలుండదు. అప్పీలు చేయవచ్చు, కానీ అక్కడ కొత్త సాక్ష్యాలు తీసుకోరు. న్యాయాధికారి నిర్ణయంలో పొరపాటు ఉందా అన్నదే చూస్తారు. నేను అప్పీలు చేయలేదు. క్లియరెన్స్ అక్కరలేని విభాగంలో రెండేళ్లకు పైగా పనిచేశాను. ఆ తర్వాత అదే సంస్థ మళ్లీ నా పేరు పంపింది. ఈసారి ఇంటర్వ్యూలో ల్యాబులో ఇతరులు ఏమి చేసేవారో ఒక్క మాట కూడా అనలేదు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఫోన్‌ను కారులోని పెట్టెలో పెట్టడం, తలుపు దగ్గర రెండు జేబులూ తడుముకోవడం, ఫోన్ తేకూడని ప్రదేశంలోకి వెళ్లే ప్రతిసారీ ఇదే పద్ధతి పాటించడం నా మేనేజరు ఏడాది పాటు చూసి ఉత్తరం రాశారు. ఈసారి క్లియరెన్స్ వచ్చింది.

రెండో సమాధానం రాసిన మిత్రులకు ఒక మాట. మొదటిసారి నేను కూడా మీలాగే ఆలోచించాను. ఆరోపణలు చేతికందేదాకా మూడు సంఘటనలలో ఒకటి మాత్రమే కాగితం మీద ఉందని నమ్మాను. విచారణకు వెళ్లేసరికి మూడింటి నివేదికలూ తేదీలతో సహా ప్రభుత్వ న్యాయవాది చేతిలో ఉన్నాయి.

మొదటి సమాధానం రాసిన భద్రతాధికారి, మళ్లీ

మీ జవాబు చదివాక నాకు కొంత ఊరట కలిగింది. ‘ఇ’ సూత్రం కింద ఉపశమనం కలిగించే అంశాలలో మొట్టమొదటిది ఇదే: తప్పుగా చెప్పినదాన్ని, సాక్ష్యాలతో ఎదుట నిలబెట్టక ముందే, తనంతట తానుగా, సద్బుద్ధితో, త్వరగా సరిదిద్దుకోవడం. సేఫ్ తెరిచి ఉందని మీకు అప్పటికే తెలుసు కాబట్టి ఇది నూటికి నూరుపాళ్లు మీ వైపే ఉందని చెప్పలేను. కానీ రెండు గంటలలో, పిలవకుండా వెళ్లి మాట సరిదిద్దుకున్న మనిషికీ, నెల తర్వాత పట్టీ ముందుపెడితే ఒప్పుకున్న మనిషికీ మధ్య ఉన్న తేడాను ఫైలు చదివేవారు తప్పకుండా గుర్తిస్తారు. మీరు ఇక్కడ రాసినట్లే, ‘నాకు ఏమీ తెలియదని అనలేను’ అన్న వాక్యంతో సహా చెప్పండి. ఆ వాక్యాన్ని దాచవద్దు.

ఇక రెండో సమాధానం రాసినవారి వాదనకు వస్తాను. అడిగిన ప్రశ్నకు అడిగినంత వరకే జవాబు చెప్పవచ్చన్న మాట నిజమే. కాలపరిమితి నిజంగా దాటిపోయిన సంఘటనను ఆ గడిలో రాయకపోవడం అబద్ధం కాదు. కానీ ఇక్కడ దాటలేదు. రెండింటికీ కాగితం ఉంది, రెంటి మీదా సంతకాలు ఉన్నాయి. తెలిసి ‘లేదు’ అని రాస్తే అది అజాగ్రత్త కాదు, కావాలని చెప్పిన అబద్ధమవుతుంది. ప్రభుత్వానికి తెలిసి అబద్ధం చెప్పడం నేరం. ఆ చట్టం కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. జైలు దాకా పోకపోయినా, ‘కె’ కింద నిలబెట్టుకోగలిగిన కేసును ‘ఇ’ కింద చేతులారా పోగొట్టుకున్నట్లవుతుంది. నేను చూసిన వాటిలో తప్పు వల్ల పోయిన క్లియరెన్సుల కంటే, తప్పును దాచడం వల్ల పోయినవి నన్ను ఎక్కువ బాధపెట్టాయి, ఎందుకంటే వాటిలో చాలా వరకు దాచవలసిన అవసరమే లేదు.

కొన్ని నెలలు ఆగితే మొదటిది పరిమితి దాటుతుందన్నారు. దాటినా రెండోది మిగులుతుంది, అది చెప్పగానే అధికారి మొదటి దాని గురించి అడుగుతారు. పైగా టాప్ సీక్రెట్ స్థాయికి జరిగే దర్యాప్తులో మీ పాత మేనేజర్లతో, సహోద్యోగులతో మాట్లాడతారు. ఫారంలో పదేళ్ల ఉద్యోగాలు రాయాలి కాబట్టి ఆ సంస్థ పేరు ఎలాగూ ఉంటుంది. క్లియరెన్స్ ఎప్పుడైనా నిరాకరణకో, సస్పెన్షన్‌కో, రద్దుకో గురైందా అన్న వేరొక ప్రశ్నకైతే ఏడేళ్ల పరిమితి లేదు, ఎప్పుడైనా అనే అడుగుతారు. నవంబరు తర్వాత మిమ్మల్ని కొంతకాలం పనికి దూరంగా ఉంచి ఉంటే, అది అధికారికంగా సస్పెన్షనో కాదో తేల్చుకున్న తర్వాతే ఆ గడి నింపండి.

సంస్థ లోపలే ముగిసిందన్న మీ స్నేహితుల నమ్మకం కూడా సరైనది కాదు. కాంట్రాక్టు సంస్థలు పాటించవలసిన నియమాల ప్రకారం, ఉల్లంఘనలో బుద్ధిపూర్వకమైన ధిక్కారం గానీ, తీవ్రమైన నిర్లక్ష్యం గానీ, మళ్లీ మళ్లీ జరిగే అజాగ్రత్త గానీ కనిపిస్తే, ఆ వ్యక్తి పేరుతో ప్రభుత్వానికి నివేదిక పంపి తీరాలి. ఎనిమిది నెలల్లో రెండు జరిగితే మూడో కారణం కింద నేనైతే పంపి ఉండేవాణ్ని. మీ భద్రతాధికారి పంపారో లేదో మీకు తెలియదు. అందుకే ఫారం నింపకముందే ప్రైవసీ చట్టం కింద మీ పాత దర్యాప్తు ఫైలు కోసం దరఖాస్తు పెట్టండి. అది రావడానికి సమయం పడుతుంది, ఈలోగా ఫారం గడువు ముంచుకొస్తే ఆగవద్దు, గుర్తున్నంత వరకు నిజాయితీగా రాసి, తేదీలు సుమారుగా చెబుతున్నానని అందులోనే పేర్కొనండి.

పెద్దవారు తేలికగా బయటపడ్డారన్న మాటలో బాధ ఉంది, అది నాకూ ఉంది. కానీ వారి క్లియరెన్సులకు ఏమీ కాలేదనడం నిజం కాదు. జాతీయ భద్రతా సలహాదారుగా పనిచేసిన శాండీ బర్గర్ నేషనల్ ఆర్కైవ్స్ నుంచి రహస్య పత్రాల ప్రతులు తీసుకుపోయినందుకు 2005లో నేరం ఒప్పుకున్నారు. 50,000 డాలర్ల జరిమానాతో పాటు మూడేళ్లు క్లియరెన్స్ పోగొట్టుకున్నారు. సీఐఏకు అధిపతిగా ఉన్న జాన్ డ్యూచ్ ఇంట్లోని కంప్యూటర్లలో రహస్య సమాచారం ఉంచుకున్నందుకు 1999లో ఆయన క్లియరెన్స్ నిలిపివేశారు. తర్వాత అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది, అది వేరే సంగతి. మీ కేసు చూసే అధికారి ముందు ఈ పోలికలు ఒక్కటి కూడా తేవద్దు. పైన ఇంజినీరు మిత్రులు చెప్పిన ‘అందరూ మరిచిపోతారు’ అన్న వాదన వినిపించినట్లే వినిపిస్తుంది.

చివరగా, ఎలా చెప్పాలన్నది. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ సాధారణంగా హెచ్చరించరు. ఫారంలో గానీ, దర్యాప్తు అధికారితో గానీ, న్యాయవాదితో గానీ ఆ నోట్సులో ఏమి ఉందో చెప్పకండి. ‘సాధారణ నెట్‌వర్క్ లాప్‌టాప్‌లో ఒక పేజీ నోట్సు రాశాను, అందులో కొంత భాగం సీక్రెట్ స్థాయిదని మర్నాడు గ్రహించి అదే రోజు తెలియజేశాను’ అన్నంత వరకే చాలు. అది ఏ పరికరానిదో, ఏ అంకె గురించో, ఏ ప్రాజెక్టుకు చెందిందో ఒక్క ముక్క రాసినా, పాత తప్పును వివరించే ప్రయత్నంలో కొత్త తప్పు చేసినట్లవుతుంది. ఉద్యోగం మానేసినా మీరు సంతకం చేసిన గోప్యతా ఒప్పందం మిమ్మల్ని వదలదు. ఇక్కడ రాసినప్పుడు మీరు ఆ జాగ్రత్త తీసుకున్నారని గమనించాను. అదే ఎప్పుడూ పాటించండి.

2020 తర్వాత మీరు ఏ ఉద్యోగంలో ఉన్నారో రాయలేదు. అక్కడ సంస్థకు చెందిన గోప్యమైన సమాచారం, ఖాతాదారుల వివరాలు మీ చేతుల మీదుగా నడిచి ఉంటే దాన్ని చిన్నచూపు చూడవద్దు. ‘కె’ సూత్రం ప్రభుత్వ రహస్యాలకే పరిమితం కాదు, సంస్థల సొంత గోప్య సమాచారం కూడా దాని పరిధిలోనిదే. ఈ అయిదారేళ్లలో అటువంటి సమాచారాన్ని ఒక్క ఫిర్యాదు లేకుండా కాపాడారని మీ ప్రస్తుత మేనేజరు పేరు పెట్టి, కాలం పేర్కొని ఉత్తరం ఇవ్వగలిగితే, ఎనిమిది నెలల్లో రెండుసార్లు తడబడిన మనిషి ఆ తర్వాత ఎలా ఉన్నాడన్న ప్రశ్నకు అంతకంటే సూటి జవాబు ఉండదు. ‘మంచివాడు, కష్టపడి పనిచేస్తాడు’ అన్న ఉత్తరాలు మాత్రం వద్దు. అలాంటివి ఎన్ని పెట్టినా బరువు పెరగదు. ఉత్తరం రాసేవారికి ఆ రెండు సంఘటనల సంగతి ముందే తెలిసి ఉండాలి. తెలియకుండా రాసిన ఉత్తరానికి విలువ ఇవ్వరు.

మీ అవకాశం గురించి అడిగారు. హామీ ఇవ్వలేను. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని అమెరికా సుప్రీం కోర్టు 1988లోనే నేవీ శాఖకు ఈగన్ అనే ఉద్యోగికి మధ్య నడిచిన కేసులో చెప్పింది; సందేహం మిగిలితే దాన్ని దేశ భద్రత పక్షానే తీర్చుకుంటారు. అయినా నా బల్ల మీదికి మీ ఫైలు వచ్చి ఉంటే, పైన చెప్పినవన్నీ కాగితం మీద ఉంటే, దాన్ని మూసేసే ఫైలుగా నేను చూసి ఉండేవాణ్ని కాను.

ప్రశ్న అడిగినవారు

ఇంత శ్రద్ధగా రాసినందుకు ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. రెండో సమాధానం రాసినవారు నా కుటుంబం గురించి ఆలోచించే అన్నారని తెలుసు, ఆ మాట నాకు నొప్పి కలిగించలేదు.

ఈ రోజు మూడు పనులు చేశాను. పాత ఫైలు కోసం ప్రైవసీ చట్టం కింద దరఖాస్తు పంపాను. కొత్త సంస్థ భద్రతాధికారికి, ఫారం నింపకముందే, రెండు సంఘటనలూ జరిగాయని, వివరాలు ఫారంలో రాస్తానని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, తేదీలు మాత్రం అడిగి రాసుకున్నారు. సాయంత్రం నా ప్రస్తుత మేనేజరుకు మొత్తం వివరించాను. నాలుగేళ్లుగా ఖాతాదారుల వివరాలున్న సర్వర్ల బాధ్యత నాదే. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, సేఫ్ సంగతి మరొకసారి చెప్పమన్నారు. పొద్దున ఫోన్లో అన్న మాట కూడా వదలకుండా చెప్పాను. ఉత్తరం వచ్చే వారం ఇస్తానన్నారు. ఫారంలో రాయవలసిన రెండు పేరాలు సిద్ధం చేసుకుని, నోట్సులోని విషయం ఎక్కడైనా పొరపాటున తొంగిచూస్తున్నదేమోనని ఇప్పుడు ఒక్కొక్క పదం సరిచూసుకుంటున్నాను.